బేసి గిటారు

ఆషాఢమాసంలో రెండో ఆదివారం, పొద్దున్న పదిన్నర గంటలకు, రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక పెంకుటింటి అరుగు మీద నేను కూర్చున్నాను. లోపల మా అల్లుడు ఉన్నాడు. మా ఇద్దరి మధ్యా గడప ఉంది.

ఆషాఢంలో అత్తా అల్లుళ్ళు ఒకే గడప దాటకూడదని మాలో పట్టింపు. ఎందుకని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పరు. నాకూ తెలియదు. తెలియకపోయినా, పెళ్ళయిన మొదటి ఏడాది దాన్ని తప్పే ధైర్యం ఏ అత్తకీ ఉండదు. అందుకని అల్లుడు లోపలికి వెళ్ళాడు, నేను బయట ఆగిపోయాను. ఆ ఇంటి ఇల్లాలు నన్ను చూసి, "ఆషాఢం అత్తగారా? అయితే ఇక్కడే కూర్చోండి, కిటికీలోంచి అన్నీ కనపడతాయి" అని చాప తెచ్చి వేసింది. ఇంకేమీ అడగలేదు.

మేం వెళ్ళింది పాత గిటారు ఒకటి కొనడానికి. దాని సంగతి పెళ్ళి పందిట్లో మొదలైంది.

మా ఆయన పోయాక కోరుకొండలో కొండ కింద కొబ్బరికాయల కొట్టు నడుపుకుంటూ పిల్లని చదివించాను. ఆ ఏడు వైశాఖంలో పెళ్ళి చేశాను. అల్లుడిది జంగారెడ్డిగూడెం, అక్కడే బళ్ళో లెక్కల మాస్టారు. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, పెళ్ళి భోజనంలో అతని విస్తట్లో కూర వెయ్యడం మరిచిపోతే, అడక్కుండా పెరుగన్నం దాకా అలాగే తినేశాడు. చేతులు కడుక్కుంటుంటే మా ఆడపడుచు కనిపెట్టి లబోదిబోమంది. ఫర్లేదండి అన్నాడు.

అలాంటివాణ్ణి అలకపాన్పు మీద కూర్చోబెట్టారు. స్కూటరు అడగమని వాళ్ళ వాళ్ళు చెవిలో పోరుతున్నారు. అతను తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి నోరు విప్పి ఏదో అన్నాడు. నాకు బేసి గిటారు అని వినపడింది. పందిరంతా నవ్వింది. నేను నవ్వలేదు. నోరు తెరిచి ఒకటి అడిగాడు, అదే పదివేలు అనుకున్నాను. "ఇప్పిస్తాను, లేవండి బాబూ" అన్నాను. అందరి ముందూ అన్న మాట. అల్లుడికి నేనిచ్చిన మొదటి మాట అది.

తర్వాత తెలిసింది, కొత్తది మా ఊళ్ళలో దొరకదని, మద్రాసు నుంచి తెప్పించాలని, ఆ ఖరీదు మాకు అందేది కాదని. నేర్చుకునేవాడికి పాతది చాలని అల్లుడే మా అమ్మాయితో చెప్పించాడు. కొండ మీద పెళ్ళిళ్ళకి వచ్చే ఆర్కెస్ట్రా వ్యాన్లు సోడాల కోసం మా కొట్టు దగ్గరే ఆగుతాయి. ఆగిన ప్రతివాణ్ణీ అడిగాను, ఎవరైనా బేసి గిటారు అమ్ముతున్నారా అని. వాళ్ళకి అర్థమైందేదో వాళ్ళకి అర్థమైంది. ఆషాఢం వచ్చి, పెళ్ళిళ్ళు లేక వాళ్ళంతా ఖాళీగా కూర్చున్నాక, ఇన్నీసుపేటలో ఒకాయన అమ్మేస్తున్నాడని కబురొచ్చింది. ఆషాఢంలో వస్తువు కొంటారా అని మా ఆడపడుచు మొహం చిట్లించింది. పాతదానికి ఎప్పుడో ఎవరో ముహూర్తం చూసే ఉంటారులే అన్నాను.

అల్లుడు జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చాడు. నేనూ మా అమ్మాయీ కోరుకొండ నుంచి ఆటోలో వెళ్ళాం. మా అమ్మాయికి గిటారుతో పనేమీ లేదు. ఆషాఢం పేరు చెప్పి పుట్టింట్లో కూర్చోబెట్టిన పిల్ల, మొగుణ్ణి చూడొచ్చని బయల్దేరింది. నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను.

అమ్మే ఆయన పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. నడివయసు మనిషి, మాట మెత్తన. ఒక పొడుగాటి నల్ల పెట్టె తెచ్చి మంచం మీద పెట్టి తెరిచాడు. నేను కిటికీ ఊచల్లోంచి చూశాను. మామూలు గిటారు కంటే మెడ పొడుగు. చెయ్యి ఆనే చోట రంగు పోయి చెక్క కనపడుతోంది. తీగలు సైకిలు బ్రేకు వైరంత లావున్నాయి. లెక్కపెట్టాను. నాలుగు.

"మేం అడిగింది ఇది కాదండి" అన్నాను.

"అదేంటమ్మా?"

"మేం బేసి గిటారు అడిగాం. దీనికి నాలుగు తీగలున్నాయి. ఇది సరి గిటారు."

ఆయన నా వైపూ గిటారు వైపూ మార్చి మార్చి చూశాడు. నా లెక్క నాకుంది. మామూలు గిటారుకి ఆరు తీగలని విన్నాను. కాబట్టి బేసిదంటే అయిదో ఏడో ఉండాలి. పసుపు దంచడానికి అయిదుగురు ముత్తయిదువుల్ని పిలుస్తాం కదా, వాయిద్యాల్లోనూ అలాంటి పద్ధతేదో ఉంటుందనుకున్నాను.

లోపల ఎవరో పకపకా నవ్వారు. మా అల్లుడే. అతను గొంతెత్తి నవ్వగా వినడం అదే మొదలు. తలుపు చాటున మా అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బేసి కాదమ్మా, బేసు" అన్నాడు ఆర్కెస్ట్రా ఆయన. ఆయన నవ్వలేదు, మర్యాదస్తుడు. "పాటకి అడుగున ఉంటుంది. ఇంటికి పునాది లాగ."

"అయితే రెండు తీగలు ఊడిపోలేదంటారు."

"లేదమ్మా. దీనికి అన్నే."

"లెక్కల మాస్టారు, ఇన్నాళ్ళూ చెప్పొద్దూ" అన్నాను అల్లుడితో. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వస్తువులో ఉన్న లోపాలు ఆయనే దాచకుండా చెప్పాడు. వైరు గుచ్చే చోట వదులైంది, ఒక్కోసారి శబ్దం ఆగిపోతుంది. ఒక తీగ బిగించే మర బిగుసుకుపోయింది, నూనె వెయ్యాలి. దీంతోపాటు ఇచ్చే స్పీకరు పెట్టె ఊరికే ఉన్నా జుమ్మంటూ ఉంటుంది. మెడ మాత్రం వంగలేదు, ఈ వస్తువుకి చూసుకోవలసింది అదేనట. అన్నిటికీ మా అల్లుడు బాగుందండి, బాగుందండి అంటున్నాడు. వైరు ఊడిపోతుందన్నా బాగుందండి అన్నాడు. ఇంక ఉండలేక, ఊడిపోతుందంటే బాగుండటమేంటండీ అని బయట నుంచి నేనే అన్నాను. ఆర్కెస్ట్రా ఆయన అది అతికించి ఇస్తానని ఒప్పుకున్నాడు.

"ఒకసారి వాయించి చూసుకోండి" అని అల్లుడి మెళ్ళో వేశాడు.

పురిటిపిల్లని చేతిలో పెడితే మగవాళ్ళు ఎలా పట్టుకుంటారో అలా పట్టుకున్నాడు మా అల్లుడు. కదిలితే పడిపోతుందేమో అన్నట్టు నిలబడ్డాడు. వాయించడం అసలు రాదని, ఇప్పుడే నేర్చుకోవాలని చెప్పాడు. మరి ఇంత వెతికి కొంటున్నారేమని ఆయన అడిగాడు. మా అమ్మాయి ఊరుకోక, అలకపాన్పు మీద అడిగారండి అనేసింది.

అంతే, ఆయన మొహం మారిపోయింది. గిటారుని మా అల్లుడి మెళ్ళోంచి నెమ్మదిగా తీసి, పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.

"ఏమనుకోకండమ్మా. అలకకిచ్చిన వస్తువు గోడకెక్కుతుంది. మా తమ్ముడికి వాళ్ళత్తగారు వయొలినిచ్చారు. ఇప్పుడు దాంట్లో పిచ్చుకలు కాపరం ఉంటున్నాయి. దీంతో నేను ఇన్నాళ్ళూ అన్నం తిన్నానండి. కీబోర్డు ఆయనే ఎడం చేత్తో బేసు కొట్టేస్తున్నాడని నన్ను వ్యానెక్కించుకోవడం మానేశారు, అందుకని అమ్ముతున్నాను. మధ్యాహ్నం అమలాపురం నుంచి ఒకాయన వస్తానన్నాడు. ఆయన వాయించేవాడు."

"ఫర్లేదండి" అన్నాడు మా అల్లుడు.

ఆ మాట నాకు కూర లేని విస్తరిలా కనపడింది. ఇప్పుడు వదిలేస్తే ఇతను మళ్ళీ జన్మలో నోరు తెరిచి ఏదీ అడగడు. నన్నే కాదు, మా అమ్మాయినీ అడగడు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. కాలు ఎత్తాను కూడా.

"అమ్మా, గడప" అంది మా అమ్మాయి.

కాలు వెనక్కి తీసుకుని అక్కడే నిలబడ్డాను.

"వాయించడం వచ్చినవాడికి ఈపాటికే ఒకటి ఉంటుందండి. రానివాడే కదా కొనుక్కోవాల్సింది" అన్నాను. "నేను జుట్టు నెరిశాక రాత్రిబడిలో పలక పట్టాను. మొదటిరోజు పంతులమ్మ 'నీకు చదవడం వచ్చా, వస్తేనే పలకిస్తా' అనుంటే, ఈ రోజుకీ బస్సు బోర్డు ఎవరినో ఒకరిని బతిమాలి చదివించుకునేదాన్ని."

వంటింటి వైపు నుంచి ఆయన భార్య అంది. "ఆవిడన్నదాంట్లో తప్పేముంది? మీరు మాత్రం వాయిస్తూ పుట్టారేంటి? పెళ్ళయిన కొత్తలో మీ వాయింపుకి మా నాన్నగారు బస్సెక్కి వెళ్ళిపోలేదా?"

ఆయన మూత తెరిచి గిటారు మళ్ళీ బయటికి తీశాడు. స్పీకరు పెట్టెకి వైరు తగిలించి, అల్లుణ్ణి మంచం అంచున కూర్చోబెట్టి, అన్నిటికంటే లావు తీగ చూపించాడు. తను చెక్క మీద తాళం వేస్తాడు. దాంతో కలిపి ఆ ఒక్క తీగే మీటుతూ ఉండాలి. పాట అక్కర్లేదు. తాళం కంటే ముందుకి పోకూడదు, వెనక పడకూడదు, విసుగు రాకూడదు. అలా కాసేపు నిలబడగలిగితే వస్తువు ఇస్తానన్నాడు.

మా అల్లుడు మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలకే పరిగెత్తాడు. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పరిగెత్తాడు. నుదుటి మీద చెమట పట్టింది. కిటికీ వైపు, అంటే నా వైపు చూశాడు. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను.

"అత్తయ్యగారూ, కొంచెం అటు తిరుగుతారా?" అన్నాడు.

అలకపాన్పు తర్వాత నన్ను అతను అడిగింది అదే. వీధి వైపు తిరిగి, గోడకి ఆనుకుని కూర్చున్నాను.

డుమ్. డుమ్. డుమ్. చెవిలోకి కంటే ముందు నా వీపులోకి వచ్చింది. లోపల అలమార్లో గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. బేరం ఎంతకీ తెమలట్లేదని మా ఆటో ఆయన హారను కొట్టాడు. నోరు మూసుకోమని చెయ్యి చూపించాను. హారను మోగినా లోపల తాళం తప్పలేదు. డుమ్. డుమ్. నేను వెనక్కి తిరగలేదు. చెక్క మీద తాళం ఆగిపోయింది, కానీ తీగ ఆగలేదు. అది ఒక్కటే, అదే నడకతో నడుస్తోంది.

"చాలు బాబూ" అన్నాడు ఆర్కెస్ట్రా ఆయన చివరికి. "ఇంతకీ, అందరూ ఆరు తీగలది అడుగుతారు. మీకిదెందుకు?"

మా అల్లుడు అప్పుడు చెప్పాడు. రాజమండ్రిలో చదువుకునేటప్పుడు అతని అద్దెగది పక్కన ఆర్కెస్ట్రా వాళ్ళు సాధన చేసేవారట. గోడలోంచి పాట వచ్చేది కాదట, ఈ అడుగు శబ్దం ఒక్కటే వచ్చేదట. దాన్నిబట్టి ఏ పాటో పోల్చుకునేవాడట. మా అమ్మాయికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసిందని తర్వాత నాతో అంది.

"తీసుకెళ్ళండి" అన్నాడాయన.

అప్పుడు ఇటు తిరిగాను. ఆయన చెప్పిన రేటులో రూపాయి తగ్గించమనలేదు. జంగారెడ్డిగూడెంలో ఇది నేర్పేవాళ్ళు లేరు కాబట్టి, రేటు అలాగే ఉంచి పాఠాలు కలపమన్నాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ తలూపింది. ఆదివారం పొద్దున్న బస్సుకి రమ్మన్నాడు. పాఠాల కంటే, తన గిటారుని వారం వారం చూసుకోవచ్చనే ఒప్పుకున్నాడని నా అనుమానం.

అల్లుడు నేర్చుకున్నాడు. గొప్పగా ఏం కాదు. ఆగస్టు పదిహేనుకి బళ్ళో పిల్లలు పాడుతుంటే అడుగున వాయిస్తాడు. అయ్యాక అందరూ పిల్లల్నే మెచ్చుకుంటారు. అతనికి అదే ఇష్టం. ఈ మధ్య మా ఇంటికి వస్తే, కూర ఇంకొంచెం వెయ్యమని తనే అడుగుతున్నాడు.

ఆ ఆదివారం అక్కడ ఉన్నది ఇంతమందిమి. లోపల, చెక్క మీద తాళం వేసిన ఆర్కెస్ట్రా ఆయన. వంటింటి గుమ్మంలో ఆయన భార్య. తలుపు చాటున మా అమ్మాయి. మంచం అంచు మీద, ఒళ్ళో గిటారుతో మా అల్లుడు. వీధిలో, హారను మీద చెయ్యి వేసుకుని కోరుకొండ ఆటో ఆయన. అరుగు మీద, అటు తిరిగి నేను.