మామిడి చార్టుకు ఎడమవైపు గడి

2023 మార్చి. బీజాపూర్ నుంచి భోపాల్‌పట్నం వెళ్లే రోడ్డులో మద్దేడ్ దాటి లోపలికి తిరిగితే వచ్చే ఒక ఊరి బడి. అప్పటికి నేనొక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి ఏడాది దాటింది. మా పని దక్షిణ బస్తర్ బడులు తిరుగుతూ పిల్లలకు సహజ వనరుల గురించి పాఠాలు చెప్పడం. ఒక పాత జీపు, ఒక మడత బల్ల, రెండు పెట్టెల సామాను, ఇద్దరు మనుషులు: అదీ మా బలగం.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి గని టౌన్‌షిప్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. ఇనుప రాయి కొండ మీంచి కన్వేయర్ బెల్టు మీద దిగి రైలు పెట్టెల్లో పడడం చూస్తూ పెరిగాను. అందుకేనేమో, ప్రాడక్ట్ లైఫ్ సైకిల్ అన్న అంశం నాకు మొదటినుంచీ ఇష్టం. ఒక వస్తువు మట్టిలోంచో చెట్టు మీంచో బయల్దేరి, తయారై, ఊళ్లు దాటి, మన చేతికొచ్చి, చివరికి చెత్తయ్యేదాకా నడిచే దారి అది. ఆ దారిని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపి లెక్కగట్టాలో ముందే ఒక గీత గీసుకోవాలి. దాన్ని సిస్టమ్ బౌండరీ అంటారు. గీత లోపల ఉన్నదే లెక్కలోకి వస్తుంది. బయట ఉన్నది రాదు.

పిల్లల కోసం నేను ఐదు గడుల చార్టు తయారుచేశాను. ముడిసరుకు, తయారీ, రవాణా, వాడకం, పారేయడం. వస్తువుగా ఆంచూర్‌ని ఎంచుకున్నాను. పచ్చి మామిడికాయ కోసి ఎండబెట్టిన ముక్కలవి. ఇక్కడ ప్రతి ఇంట్లో చేస్తారు, సంత రోజున అమ్ముతారు, అదే సరుకు పొడై, మెరిసే ప్యాకెట్లలో మళ్లీ ఇదే సంతకు వస్తుంది. పిల్లలు ఒక్కో గడిలో ఆ దశకు చెందిన అసలు వస్తువును తెచ్చి అతికించాలి. కాయ, ఎండు ముక్క, గోనెపట్టా పీలిక, ప్యాకెట్టు, ఖాళీ రేపరు. నా చేతుల మీదుగా తయారైన వాటిలో అంత శుభ్రమైన పాఠం మరొకటి లేదు.

నాతో జీపులో తిరిగే రెండో మనిషి సోయం ముత్తయ్య. జగదల్‌పూర్‌లో బోటనీ ఎమ్మెస్సీ చేశాడు. సొంత ఊరు మద్దేడ్‌కు దగ్గరే. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ, ఏ పిల్లవాడు ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబిచ్చేవాడు. అతని పాఠం అడ్డాకు విస్తరిది. ఆకులు తెమ్మంటే పిల్లలు మోపులుగా తెచ్చేవాళ్లు. అందరూ నేల మీద కూర్చుని పుల్లలతో కుట్టేవాళ్లు. చార్టు లేదు, గడులు లేవు. మధ్యలో పాటలు, కథలు, ఒకరి విస్తరిని ఇంకొకరు వెక్కిరించడం. అదొక పాఠమేనా అని నాకు అనిపించేది. కానీ జీపు ఆగగానే పిల్లలు "ముత్తన్నా!" అంటూ అతని వైపు పరిగెత్తేవాళ్లు. నన్ను మాత్రం "నమస్తే సార్" అనేవాళ్లు, నిలబడి, చేతులు కట్టుకుని. అతను అన్న, నేను సార్. ఆ రెండు పిలుపుల మధ్య దూరాన్ని రోజూ జీపు దిగినప్పుడల్లా కొలుచుకునేవాణ్ని.

నా వైపు ఒక్క సమ్మక్క ఉండేది. ఏడో తరగతి. ఊరి పూజారి మనవరాలు. "సార్, గని కాడ బెల్టు ఆగిపోతే రాయంత యాడ పోతది?" లాంటి ప్రశ్నలు వేసేది. విస్తరి కుడుతూ కూడా చూపు నా చార్టు మీదే ఉండేది. కనీసం నాకు అలా అనిపించేది.

ఆ మార్చిలో సంగతి ముదిరింది. రెండు పాఠాల్లో ఒక్కదాన్నే కిట్‌గా అచ్చువేసి జిల్లాలోని బడులన్నిటికీ పంపాలని ఆఫీసులో నిర్ణయించారు. జగదల్‌పూర్ నుంచి మా ప్రాజెక్ట్ మేడమ్ శుక్రవారం ఈ బడికి వచ్చి, రెండూ చూసి, ఏదో ఒకటి తేలుస్తారు. నాకు నా చార్టు వెళ్లాలి. అతని ఆకుల మోపు వెళ్లకూడదు. ఈ రెండు కోరికల్లో ఏది పెద్దదని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడం కష్టమయ్యేది.

సోమవారం జీపులో ముత్తయ్య అన్నాడు: "కిరణ్, మామిడి పాఠం పండుం అయినంక పెట్టుకోరాదు? ఇప్పుడైతే పిల్లలకు కష్టమైతది."

పండుం అంటే పండగ. మామిడి పండుం ఎప్పుడని అడిగాను. ఊరి పెద్దలు కూర్చుని రోజు చూడాలని, ఇంకా రెండు మూడు వారాలు పట్టొచ్చని చెప్పాడు.

"అంటే మేడమ్ వచ్చిన రోజు నీ పాఠం ఒక్కటే ఉండాలన్నమాట."

అతను స్టీరింగ్ మీంచి నా వైపు ఒకసారి చూశాడు. "నీ ఇష్టం భయ్యా" అని రోడ్డు వైపు తిరిగాడు. ఎంత తెలివిగా అడ్డం పడుతున్నాడో అనుకున్నాను.

మంగళవారం క్లాసులో పచ్చి మామిడికాయలు తెమ్మన్నాను. "తెస్తం సార్" అన్నారు. బుధవారం ఒక్క కాయ రాలేదు. అడ్డాకులు మాత్రం వరండాలో గుట్టపడ్డాయి.

"ఏంది, మామిడికాయలు దొరకలేదా?" అని వాళ్ల మాటలోనే అడిగాను.

"ఉన్నయ్ సార్."

"చెట్ల నిండా ఉన్నాయి కదా?"

"ఉన్నయ్ సార్."

"మరి?"

సమ్మక్క బల్ల మీద గోరుతో గీతలు గీస్తూ కూర్చుంది. పెద్దవాళ్లకు, అందులోనూ బయటినుంచి వచ్చిన సార్లకు, ఈ పిల్లలు కాదని మొహం మీద చెప్పరు. తెస్తామంటారు, తేరు. అది వాళ్ల మర్యాద. ఆ మర్యాదను నేను ముత్తయ్య నేర్పిన ఎత్తుగా చదువుకున్నాను.

కాయలు లేకపోతే పాఠం ఆగుతుందా? ఇంజినీరు బుర్రకు ముడిసరుకు ఒక చోట దొరక్కపోతే ఇంకో చోటు తడుతుంది. గురువారం భోపాల్‌పట్నం వెళ్లాను. వంతెన అవతల తెలంగాణ నుంచి వచ్చిన లారీ సరుకు అక్కడ అమ్ముతారు. ఒక సంచి పచ్చి కాయలు, రెండు కత్తిపీటలు కొన్నాను. కాయలన్నీ ఒకే పరిమాణంలో ఉండేలా ఏరుకున్నాను. వచ్చేదారిలో రోడ్డుకు రెండు వైపులా మామిడి చెట్లు కాయలతో ఒంగిపోయి ఉన్నాయి. కింద ఒక్క రాయి, ఒక్క విరిగిన కొమ్మ, సగం కొరికిన ఒక్క కాయ లేదు. పిల్లలున్న ఊళ్లలో అలా ఉండదు. అది చూశాను, కానీ చూసినట్టు గుర్తుపెట్టుకోలేదు.

శుక్రవారం మేడమ్ వచ్చారు. ముందు విస్తరి పాఠం. గది నిండా నవ్వులు. మేడమ్ కూడా కింద కూర్చుని ఒక విస్తరి కుట్టారు. సరిగా కుదరలేదని ఒక పిల్ల ఆవిడ చేతిలోంచి లాక్కుని మళ్లీ కుట్టింది. ముత్తయ్య పక్కన నిలబడి ఊరికే చూస్తున్నాడు. ఏమీ చేయకుండా అంత మెప్పు ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు.

తర్వాత నేను. నల్లబల్లకు చార్టు తగిలించాను. ఐదు గడులూ వివరించాను. మేడమ్ తలూపుతూ రాసుకుంటున్నారు. "ఇప్పుడు మొదటి గడి. ఎవరు వచ్చి కాయ కోస్తారు?" అని సంచిని బల్ల మీద బోర్లించాను.

పిల్లలంతా వెనక్కి జరిగారు. ఒకేసారి, బల్ల మీద పాము పడ్డట్టు.

"రండి. భయమేంది?"

ఎవరూ కదల్లేదు. మేడమ్ పెన్ను ఆపారు. అప్పుడు సమ్మక్క లేచింది. నా మొహం చూసి లేచిందని ఆ క్షణంలోనే తెలిసింది. బల్ల దగ్గరికి వచ్చి ఒక కాయ తీసుకుని, కత్తిపీట ముందు కూర్చుంది.

"ఏయ్ సమ్మక్క! పండుం కాలే!" వెనకనుంచి ఒక పిల్లవాడు అరిచాడు.

"ఇయి మన చెట్టుయి కావు గదరా" అంది సమ్మక్క.

"అవ్, లారీల వచ్చినయ్" అన్నాడు ఇంకొకడు.

"లారీల వస్తే? మామిడి మామిడే గద!"

"మీ తాతకు తెలిస్తే ఏమంటడే?"

"గాలి దుమారమొచ్చి కాయంత రాలితే మీ ఇంటి మీదకే వస్తది, చూస్కో."

కాయ ఆమె చేతిలో అలాగే ఉంది. కత్తికి వేలెడు దూరంలో. ఊరందరికంటే ముందు, పూజారి ఇంటి పిల్ల, బడిలో, పది మంది చూస్తుండగా. ఈ మాటలు నాకు అప్పుడు ఇంత స్పష్టంగా తట్టలేదు. కానీ ఆమె కళ్లు నా వైపు తిరిగినప్పుడు, ఈ కాయ తెగితే నష్టపోయేది నా పాఠం కాదు, ఈ పిల్లేనని మాత్రం అర్థమైంది.

"వద్దు, సమ్మక్కా. పెట్టేయ్" అన్నాను.

ఆమె కాయను బల్ల మీద పెట్టి పరిగెత్తినట్టుగా వెళ్లి తన చోట కూర్చుంది. నా మొదటి గడి ఖాళీగా ఉంది. పాఠం పోయింది, కిట్ పోయింది అనుకున్నాను.

ముత్తయ్య వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. చార్టులో ఎడమవైపు చోటు లేదు. అందుకని కాగితం దాటి, నల్లబల్ల మీద, నా మొదటి గడికి ముందు ఇంకో గడి గీశాడు.

"ఈడ ఏం రాయాలె?" అని పిల్లల్ని అడిగాడు.

గది ఒక్కసారిగా పేలింది. టెంక ముదరాలె. పెద్దలు కూసోవాలె. రోజు చూడాలె. మొదటి కాయ భూమితల్లికి. ఆ తర్వాత పోయినోళ్లకు. ఆ తర్వాత అందరికీ. ముదరకముందే కోస్తే? "విత్తనం ఉండదు అన్నా, ఆంచూర్ కూడా నల్లగైతది, కోచియా సగం ధరకే అడుగుతడు" అన్నాడు ఇందాక అరిచిన పిల్లవాడు. సంతలో ఊరి సరుకు కొనే చిన్న వ్యాపారిని ఇక్కడ కోచియా అంటారు. ముత్తయ్య ఒక్క మాట కూడా చేర్చలేదు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తూ పోయాడు. గడి సరిపోక పక్కకు పెంచాడు. మేడమ్ కుర్చీలోంచి లేచి నల్లబల్ల దగ్గరికి వచ్చారు.

"ఈ గడి ఎవరి ఆలోచన?" అని హిందీలో అడిగారు.

"పాఠం కిరణ్‌దే మేడమ్. నేను సుద్దముక్క పట్టుకున్న, అంతే" అన్నాడు.

ఆ మాటకు అతని మీద కోపం ఇంకా పెరిగింది. తనదని చెప్పుకుని ఉంటే, తిట్టుకోవడానికైనా వీలుండేది.

మేడమ్ అక్కడే తేల్చేశారు: "మామిడి వెళ్తుంది. ఆరు గడులతో."

తిరుగు దారిలో జీపులో అడిగాను: "ముందే సరిగ్గా చెప్పొచ్చు కదా?"

"సోమవారం చెప్పిన."

"ఇంకోసారి చెప్పాల్సింది."

"ఏమని చెప్పాలె భయ్యా? నేనేం చెప్పినా నీకు అది ఆకులోడి మాట లెక్కనే వినబడుతుండె."

కిటికీలోంచి చెట్లు చూశాను. ఈసారి వాటి కింది నేలను చూశాను.

పండుం అయ్యాక మళ్లీ ఆ బడికి వెళ్లాం. పిల్లలు చొక్కాల్లో, గౌన్లలో ఒడిపట్టి కాయలు తెచ్చారు. సమ్మక్క కత్తిపీట ముందు కూర్చుని మొదటి కాయ కోసింది. మొదటి ముక్క ముత్తయ్యకు వెళ్తుందని ముందే మొహం సిద్ధం చేసుకున్నాను. ఆమె లేచి నా చేతిలో పెట్టింది. "గా దినం కోసేదాన్నే సార్" అంది నెమ్మదిగా. పుల్లగా ఉంది. చాలాసేపు నమిలాను.

కిట్ ఇప్పుడు చాలా బడుల్లో ఉంది. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ముత్తయ్య పేరును నేనే పట్టుబట్టి వేయించానని రాసుకుంటే బాగుండేది. మేడమ్ వేయించారు.

వృత్తిపరంగా ఆ శుక్రవారం నాకు నేర్పింది ఒకటే, అది సిస్టమ్ బౌండరీ గురించి. నా గీత కత్తి కాయను తాకిన చోట మొదలయ్యేది. ఇక్కడి మనుషులకు లెక్క అంతకు చాలా ముందే, ఎవరూ చెట్టును ముట్టుకోకుండా ఉన్న రోజుల్లోనే మొదలవుతుంది. ఇప్పుడు ఇప్పపూల పాఠమైనా, తునికాకు పాఠమైనా, ఇనుప రాయి పాఠమైనా, చార్టు విప్పకముందే పిల్లల్ని అడుగుతాను: దీన్ని ఎప్పటిదాకా ముట్టుకోకూడదు? ఎవరు చెప్తారు? ఇనుప రాయి దగ్గర ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. పిల్లలు ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చుంటారు. గని టౌన్‌షిప్‌లో పెరిగిన నేను కూడా.

మామిడి దగ్గర మాత్రం జవాబులు ఆగవు. బెల్లు కొట్టేసరికి నా ఐదు గడుల్లో సగం మిగిలిపోతాయి. పిల్లలు ఎడమవైపు గీసే ఆ ఆరో గడిని ముత్తన్న గడి అంటారు. మిగతా ఐదింటికి పేరు లేదు. ముత్తయ్య వెనక కూర్చుని ఏమీ చేయకుండా చూస్తుంటాడు. సుద్దముక్క ఇప్పుడు నా చేతిలోనే ఉంటుంది, ఆ గడి నేనే గీస్తాను. గీసిన ప్రతిసారీ, ఆ మొదటిసారి గీసింది నేనైతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.