డేవిడన్న నౌకరీకి నా సిఫారసు

ఒక మనిషిని పొగిడి పొగిడి అతని ఉద్యోగానికే ఎసరు పెట్టిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, కళ్ళారా చూడండి. ఆ ఘనకార్యానికి ఫలితంగా నేను గాల్లో వేలాడిన సంగతి కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

బోయిగూడలో లిఫ్టులు బాగుచేసే చిన్న కంపెనీ మాది. ఫోన్లు ఎత్తేది నేను, లిఫ్టులు బాగుచేసేది డేవిడన్న. ఆయన ఏటా కొన్నాళ్ళు టెరిటోరియల్ ఆర్మీలో యూనిఫాం వేసుకుని, మిగతా కాలం మా స్పానర్లు పట్టుకునేవాడు. ఈల వేసుకుంటూ ఆయన మెట్లెక్కుతుంటే జంటనగరాల్లోని లిఫ్టులన్నీ భయపడి వాటంతటవే బాగయ్యేవి. మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీస్తే, టమాటా పచ్చడి వాసనకి నేను కుర్చీతో సహా ఆయన బల్ల దగ్గరికి జారిపోయేవాణ్ణి.

ఆ ఏడాది పిలుపు శిక్షణకి కాదు, సరిహద్దు డ్యూటీకి వచ్చింది. ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. వచ్చేదాకా ఉద్యోగం అట్టిపెట్టాలని చట్టంలో ఉందట. మా ఆఫీసులో చట్టమంటే యజమాని యాదగిరి సారే. ఆయన ఇంకో మెకానిక్‌ను వెతుకుతున్నారని తెలిసి డేవిడన్న ముఖం వాడిపోయింది. ఇల్లంతా ఆ జీతం మీదే నడిచేది. నేను ఛాతీ విరుచుకుని సారు గదిలోకి వెళ్ళాను.

డేవిడన్న లేకపోతే కంపెనీ మూతపడుతుందన్నాను. సికింద్రాబాద్ మొత్తం మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకుంటుందన్నాను. ఆయన చెయ్యి తగిలితే పాడుబడ్డ బావిలో బొక్కెన కూడా పైకి తేలుతుందన్నాను.

సారు కళ్ళు పెద్దవయ్యాయి. "గట్లనా? మరి గంత పనిమంతుణ్ణి ఎట్ల పంపుతనయా? పంపేదే లేదు."

వెంటనే మాట తిప్పాను. అబ్బే, ఉన్నా లేనట్టేనని, మొన్న బిగించిన బోల్టు నిన్న ఊడిందని చెప్పాను.

"అట్లయితే నౌకరీ ఎందుకు ఆపి పెట్టాలె? పోతే పోనీ."

చూశారా నా ప్రతిభ! ఒక్క నాలుకతో మనిషిని ఆర్మీకీ కంపెనీకీ కాకుండా చేశాను. తలుపు పక్కన డేవిడన్న అంతా వింటున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

సారు నన్నే చూస్తూ, "నీకు ఆయన పోవాల్నా, ఉండాల్నా? జెర నిజం చెప్పు" అన్నారు.

ఆయన వెళ్ళాలి, తిరిగి రావాలి, కానీ నన్ను వదిలి ఎక్కడికీ పోకూడదు. ఇది పైకి అంటే బాగుండదు కదా! అందుకని, "ఆయన వచ్చేదాక ఆయన పని నేను చేస్తా సార్. ఇంకెవర్ని పెట్టకండ్రి" అనేశాను. స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలియని రోజులవి.

డేవిడన్న వెళ్ళిపోయాడు. మెట్లు మూగబోయాయి. మధ్యాహ్నం కాగానే అలవాటుగా కుర్చీ జరుపుకుని, ఆ ఖాళీ బల్ల ముందు నా చప్పిడి పప్పన్నం తినేవాణ్ణి. పప్పులో ఉప్పు తక్కువో, ఎదురుగా మనిషి తక్కువో తేలేది కాదు.

పెద్ద రిపేర్లు సారే చూసుకునేవారు. చిన్నవి నావి. కాప్రాలో ఒక అపార్టుమెంటు లిఫ్టుకి తలుపు సరిగా పడటం లేదంటే వెళ్ళి, వీరుడిలా తుడిచి, పరీక్షిద్దామని ఎక్కాను. అది మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. చీకటి. ఎక్కడో ఈల వినిపించింది. ప్రాణం లేచొచ్చి, "అన్నా" అని గొంతు చించుకున్నాను.

"ఎవలికి అన్న? నేను వాచ్‌మన్‌ని" అంది కింది గొంతు. లిఫ్టు ఆగినప్పుడు కూడా నేనంత దిగులుపడలేదు.

చివరికి సారే వచ్చి నన్ను కాలరు పట్టి బయటికి లాగారు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సరిహద్దు నుంచి డేవిడన్న. తడబడుతూ అడగడం నాకూ వినిపించింది: "సార్, నా జాగాల ఎవర్నన్న పెట్టుకున్నరా?"

సారు నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశారు. ఒంటినిండా గ్రీజు, కళ్ళనిండా నీళ్ళు.

"పెట్టుకున్న. గీయన పని చేసినన్ని దినాలు నీ నౌకరీకి ఢోకా లేదు. నువ్వు జెర జల్ది రా."

జల్దిగా రాలేదు. మధ్యలో రెండు ఎండాకాలాలు దొర్లిపోయాకే వచ్చాడు. అంతకాలమూ ఆయన ఉద్యోగాన్ని నా చేతకానితనంతోనే కంటికి రెప్పలా కాపాడాను.

కనుక జంటనగరాల సమస్త లిఫ్టుల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇష్టమైన మనిషిని యజమాని ముందు ఇక జన్మలో పొగడను, తెగడను. ఎదురుచూడటం మాత్రం మానలేను. దాన్ని ఈ ప్రతిజ్ఞలో కలపవద్దని మనవి.