తోడికోడలి చెవులు

పెద్దకోడలికి ముప్ఫై అయిదో ఏట మళ్ళీ చదువు మీదికి మనసు మళ్ళింది. మనిషి మాటని మనసు ఎలా పట్టుకుంటుందో, నోరు ఏ శబ్దాన్ని ఎలా పుట్టిస్తుందో యూనివర్సిటీలో చదువుతానంది. "మాట్లాడటం రాకనా, వినటం రాకనా?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. కోడలు పట్టించుకోలేదు. చేరింది, ఒళ్ళు వంచి చదివింది, విభాగంలో చెవి అంటే ఆమెదే చెవి అనిపించుకుంది. పసిపిల్లల మాటల రికార్డింగు పెడితే చాలు, ఏ శబ్దం నాలుక కొసన పుట్టిందో, ఏది గొంతులోనే ఆగిపోయిందో చకచకా గుర్తుల్లో రాసేసేది. తోటివాళ్ళు ఆమెకి 'పాముచెవి' అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేది గానీ, ఆ పేరు వినపడిన పూట కూర మాడినా బాధపడేది కాదు.

అంతా సవ్యంగా సాగుతుంటే చిన్నకోడలు వచ్చి అదే విభాగంలో చేరింది. మరిది భార్య, పన్నెండేళ్ళు చిన్నది. "నిన్ను చూసే చేరానక్కా" అంది నవ్వుతూ. ఆ నవ్వులో వెతికినా వంకర దొరకలేదు, పెద్దకోడలికి మండింది అందుకే. మొదటి పరీక్షలో చిన్నకోడలికి తొంభై రెండు వచ్చాయి. అదే పరీక్షలో తనకి ఒకప్పుడు వచ్చినవి ఎనభై ఎనిమిది. ఆ నాలుగు మార్కులూ కంట్లో నలుసులా పడి ఇక బయటికి రాలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అంటారు. ఈ ఇంట్లో అత్తగారు కొట్టలేదు. అంతకంటే అన్యాయం చేసింది. చిన్నకోడలి మార్కుల కాగితం పట్టుకెళ్ళి పక్కింటావిడకి చూపించింది.

ఇంతలో ప్రొఫెసర్ మేడమ్ కబురు చెప్పారు. వచ్చే ఏడాది కొత్త విద్యార్థులకి శబ్దాలు విని గుర్తుపట్టే క్లాసు చెప్పడానికి మనిషి కావాలి. ఉన్నది ఒక్క ఉద్యోగం. ఇద్దరూ అవే ముప్ఫై రికార్డింగులు విని, విన్నది రాసి తేవాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఫలానా శబ్దం ఉందని మనసుకి ముందే తెలిస్తే, లేనిచోట కూడా చెవి దాన్ని వినేస్తుంది. దీని మీద పెద్దకోడలు ఒక సెమినార్‌లో మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

ఆమె ముప్ఫైయీ ల్యాబులో కూర్చుని పూర్తి చేసింది. చిన్నకోడలు మాత్రం ఇంట్లోనే, తన పాత హెడ్‌ఫోన్స్‌తో విని రాసింది. ఇవ్వాల్సిన రోజు పొద్దున ఆ పిల్ల స్నానానికి వెళ్ళింది. ఫైలు భోజనాల బల్ల మీద ఉంది. పెద్దకోడలు ఎంగిలి గ్లాసు తీసే నెపంతో బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక్క కాగితం చూద్దామనుకుని ముప్ఫైయీ చూసింది.

పదకొండు చోట్ల చిన్నకోడలు 'క', 'ప' శబ్దాల తర్వాత, 'ఖ', 'ఫ' లాగా ఒత్తి పలికినట్టు, ఊపిరి గుర్తు పెట్టింది. తన కాగితాల్లో ఒక్కచోటా లేదు. నాకు వినపడనిది దీనికి వినపడిందా?

గ్లాసు అక్కడే వదిలేసి ల్యాబుకి పరుగెత్తింది. కాపీ కొట్టడానికి కాదు, ఇంకోసారి విని సరిచూసుకోవడానికే అని తనకి తానే నచ్చజెప్పుకుంది. విన్నది. నిజంగానే ఊపిరి వినపడింది! పదకొండు చోట్లా వినపడింది. ఇన్నాళ్ళూ ఎలా వదిలేశానా అని సిగ్గుపడి, పాత రాత చెరిపి పదకొండు గుర్తులూ పెట్టింది.

మధ్యాహ్నం మేడమ్ రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఊపిరి గుర్తున్న మొదటి రికార్డింగుని కంప్యూటర్ తెర మీద గీతలుగా చూపించారు. ఊపిరి ఉంటే 'క' తర్వాత సన్నని గరుకు గీత కనపడాలి. కనపడలేదు. ఇంకోటి చూపించారు. అందులోనూ లేదు.

చిన్నకోడలు నాలుక కరుచుకుంది. "అయ్యో మేడమ్! నా హెడ్‌ఫోన్స్ వైరు వదులైంది. మధ్యమధ్యలో బుస్సుమంటోంది. అదే ఊపిరి అనుకున్నట్టున్నాను. తప్పు నాదే."

"సరే, కొత్తవి కొనుక్కో." మేడమ్ పెద్దకోడలి వైపు తిరిగారు. "నువ్వు వేటితో విన్నావమ్మా?"

"ల్యాబువాటితోనే మేడమ్."

అనేశాక గానీ తానేమన్నదో ఆమెకి తట్టలేదు. ల్యాబు హెడ్‌ఫోన్స్ బుస్సుమనవు. మేడమ్ ఆమె కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. చెరిపిన పెన్సిలు రాత లీలగా కనపడింది. "ముందు రాసిందే సరైనది. పదకొండూ సరైనవే" అన్నారు. తిట్టినా బాగుండేది. "క్లాసు చిన్నమ్మాయి చెబుతుంది" అని ఫైలు మూసేశారు.

బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఈ పిల్ల ఒక్క మాట దెప్పితే తాను నాలుగు అందామని పెద్దకోడలు కాచుకుని కూర్చుంది.

"అక్కా, అంతలేసి చెవులు పెట్టుకుని నావెందుకు నమ్మావు?" అంది చిన్నకోడలు మెల్లగా. "నీ పక్కన కూర్చుని రాయాలంటే నాకు భయమేసేది. అందుకేగా ఇంట్లో కూర్చుని ఆ పాడు హెడ్‌ఫోన్స్‌తో తంటాలు పడ్డది."

పెద్దకోడలికి ఇక దాచడానికి ఏం మిగిలింది గనక!

"నువ్వంటే నాకు కుళ్ళే పిల్లా. నువ్వు చేరిన రోజు నుంచీ."

"తెలుసక్కా" అంది చిన్నకోడలు. "నువ్వు నన్ను పిలిచినప్పుడల్లా నీ గొంతులో వినపడేది."

పదకొండు చోట్ల తప్పు విన్న చెవులు దీన్ని మాత్రం సరిగ్గానే విన్నాయి. ఏడాది పొడుగునా విని, ఒక్కనాడూ పైకి అనలేదు. ఆ చెవుల్ని చూసి పెద్దకోడలికి మళ్ళీ కుళ్ళు పుట్టింది.