చిన్న తాతయ్య మళ్లీ పుట్టిన రోజు

నిన్న సాయంత్రం మందుల కోసం బజారుకు వెళ్ళి వస్తూ, తిరువూరు బస్టాండు ఎదురుగా తలెత్తి చూసి అక్కడే నిలబడిపోయాను. మా చిన్న తాతయ్య! మా తాతయ్యకు స్వయానా తమ్ముడు! రెండు నిలువుల ఫ్లెక్సీలో, జన్మలో లేని మీసాలతో, చేతిలో జెండాతో, పేరుకు ముందు ఇంత పొడుగు బిరుదుతో నవ్వుతున్నాడు. ఆదివారం ఆయన వర్ధంతి సభ అట. సంతోషం పట్టలేక, పక్కన పుచ్చకాయలు అమ్ముకుంటున్న ఆవిడకు కూడా ఈయన మావాడేనని చెప్పేశాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నానో లేదో, సభ చేస్తున్న కుర్రవాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా, "అమ్మా, మీ తాతగారు తెల్లవాళ్ళ మనిషటగా? కరణీకం కోసం సొంత తమ్ముడికే ద్రోహం చేశారటగా? ఆ ముక్క స్పీచ్‌లో పెడుతున్నాం, కరెక్టేనా అండి?" అని అడిగాడు. రేపు చెబుతానని పెట్టేశాను.

ఆ ముక్క పూర్తిగా అబద్ధమైనా బాగుండేది. నేను పుట్టకముందు, తెల్లవాళ్ళ కాలంలో, చిన్న తాతయ్య రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోటలో సైక్లోస్టైల్ మిషను దాచి, కరపత్రాలు అచ్చువేసి, కాయల బుట్టల అడుగున పెట్టి బెజవాడకు పంపించేవాడట. పట్టుబడ్డాడు, కుట్ర కేసు పెట్టారు, జైల్లో వేశారు. ఇప్పుడంటే వినడానికి ఒళ్ళు పులకరిస్తుంది గానీ, అప్పుడు రాజద్రోహం అన్న మాట మశూచికంలాంటిది, మా ఇంటికి పేరంటానికి కూడా ఎవరూ వచ్చేవాళ్ళు కాదట. ఊరి లెక్కలు చూసే కరణం మా తాతయ్యే. తమ్ముడితో సంబంధం లేదని రుజువు చేసుకోకపోతే ఉద్యోగం ఊడుతుందని పైనుంచి కబురొచ్చింది. ఇంట్లో పదకొండు మంది తినేవాళ్ళు. తాతయ్య భయపడ్డాడు, నేను దాచను. బతికున్న మనిషిని చచ్చినట్టే లెక్కకట్టి, కుండ పగలగొట్టి, నువ్వులు నీళ్ళు వదిలే తంతు ఒకటుంది, ఘటశ్రాద్ధం అంటారు, ఊరందరి ముందూ తమ్ముడికి అది చేశాడు. ఆ రోజు నుంచి తమ్ముడి పేరు ఆయన నోట రాలేదు. స్వరాజ్యం వచ్చింది, జైలు తలుపులు తెరుచుకున్నాయి, అయినా తాతయ్య సిగ్గుతో ఉత్తరం రాయలేదు, తమ్ముడు పట్టుదలతో రాలేదు. ఖమ్మం వైపు ఎక్కడో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు.

నాకు పదేళ్ళప్పుడు ప్రభుత్వం వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధుడని చిన్న తాతయ్యకు సన్మానం చేశారు. అంతే, ఒకప్పుడు మా గడప తొక్కని ఊరే ఊరేగింపుకు సిద్ధమైపోయింది! బాజాలు, దండలు, స్కూలు పిల్లల వరసలు, ఆ వరసలో ముందు నేను. అరిచి అరిచి గొంతు పోయింది. నాకు తెలియకుండానే ఊరేగింపు మా వీధిలోకి తిరిగింది, మా ఇంటి ముందు ఆగింది. నాన్నమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. ఊరేగింపు పెద్దలకు ముందే కబురు పెట్టి, చిన్న తాతయ్య ఎక్కిన బండిని ఇటు తిప్పించింది ఆవిడేనట! మరిదికి కాళ్ళకు నీళ్ళిచ్చింది, విస్తరి వేయించింది. తాతయ్య మాత్రం వెనక వసారాలో స్తంభం చాటున నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడు మా పురోహితుడు అడ్డం పడ్డాడు. శాస్త్రప్రకారం ఈయన పోయినవాడు, పంక్తిలో కూర్చోబెట్టడానికి వీల్లేదన్నాడు. బాజాలు ఆగిపోయాయి. చిన్న తాతయ్య నవ్వి లేవబోయాడు. మా నాన్నమ్మ ఉన్నదే, ఆవిడ ఆయన కండువా అంచు పట్టుకుని, "పోయినవాడికి పంక్తిలో చోటు లేదు, అంతేగా మీరనేది? అయితే మళ్లీ పుట్టించండి" అంది.

పురోహితుడు కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత గబగబా ఏదో నెమరువేసుకుని, దారి ఉందన్నాడు! అలా తిరిగొచ్చినవాడికి పుట్టిన బిడ్డకు చేసినట్టే అన్నీ మొదటినుంచి చేయాలట. ఇక చూడాలి మా ఇల్లు! తేనె కోసం ఒకరు, ఉయ్యాల కోసం ఒకరు పరుగులు. పక్కింటి ఉయ్యాలలో అరవయ్యేళ్ళ మనిషి పట్టడు గనక ఆయన కండువా మడిచి పడుకోబెట్టి ఊపారు, ఆడవాళ్ళు నవ్వలేక కళ్ళనీళ్ళతో జోలపాట పాడారు. తెల్లవాళ్ళకే బెదరని చిన్న తాతయ్య, నాలుక మీద తేనె రాస్తుంటే చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

చివరికి పేరు పెట్టాలి. తండ్రి స్థానంలో అన్నగారే పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పాలన్నారు. తాతయ్యను చెయ్యిపట్టి తీసుకొచ్చారు. రాయడం రాశాడు, అక్షరాలు వంకరపోయాయి. చెప్పడానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. అప్పుడు చిన్న తాతయ్య తనే చెవి ఆయన నోటి దగ్గరికి ఆనించి, "నిదానంగా చెప్పు అన్నయ్యా, నాకేం తొందర లేదు" అన్నాడు. తాతయ్య ఆ పేరు చెప్పాడు, మూడుసార్లు కాదు, ఎన్నిసార్లో లెక్కలేదు, తమ్ముడి భుజం మీద తల ఆన్చి భోరుమన్నాడు. ఆ పేరు మా ఇంట్లో నేను వినడం అదే మొదలు. ఆ రోజు ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్న భోజనానికి సాటి వచ్చే పండగ నేనింకోటి చూడలేదు.

ఇదంతా కుర్రవాడికి పొద్దున ఫోన్‌లో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అతను ఓపికగా విని, బాగుందమ్మా, కానీ స్పీచ్ నిన్న రాత్రే అందరికీ పంపేశాం, వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతోంది అన్నాడు. చిన్న తాతయ్య మీద రాజద్రోహి అన్న మాట తుడిచేయడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, మా తాతయ్య మీద ద్రోహి అన్న మాట పడటానికి ఒక్క పూట చాలింది. తప్పో ఒప్పో, మన చిన్నప్పటి మనుషులు ఒకణ్ణి వెలివేసినా, వాణ్ణి వెనక్కి పిలుచుకునే తంతు కూడా ఎక్కడో ఒకచోట దాచి ఉంచుకునేవాళ్ళు. ఇప్పుడు మాట అనేవాళ్ళే గానీ, వెనక్కి తీసుకునే పద్ధతి తెలిసినవాళ్ళు నాకు కనిపించడం లేదు. బతికుంటే అన్నయ్య కోసం ఆ మైకు లాక్కునేవాడు చిన్న తాతయ్యే. ఆయన లేడు గనక, మోకాళ్ళు సహకరించినా లేకపోయినా, ఆదివారం ఆ వేదిక మెట్లు నేనే ఎక్కుతాను.