గంజి తీసిన రక్తం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఎక్కడెక్కడి పిల్లలో కంప్యూటర్ నేర్చుకోవడానికి అమీర్‌పేటకు వస్తుంటే, అక్కడే ఓ గల్లీలో నేను అ ఆలు దిద్దాను. అప్పటినుంచి చేతికొచ్చిన ప్రతి తెలుగు కాగితం చదువుతాను. చదివినంత మాత్రాన నమ్మకం కుదరదని మాత్రం నిరుడే తెలిసింది.

పంజాగుట్టలో ఓ చిన్న ఆసుపత్రిలో ఆయా పని నాది. ఒకరోజు చెత్త సంచి ముడి వేస్తుంటే, ఎవరో అందులో పడేసిన సూది గ్లౌజు దాటి బొటనవేలిలో దిగింది. అది ఏ రోగికి వాడిందో తెలియదు. సిస్టర్ సబ్బుతో కడిగించి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపింది. అక్కడ రక్తం చూసి హెచ్‌ఐవీ లేదన్నారు. అంటే సూది గుచ్చుకునేదాకా లేదని. ఇకమీదట రాకుండా ఇరవై ఎనిమిది రోజులకు మాత్రలిచ్చారు. మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఆఖరుసారి రమ్మన్నారు. అందాకా మొగుడికి దూరంగా ఉంటే మంచిదన్నారు. మా ఆయన జాకెట్లు కుట్టే మనిషి. ఆయన చాప తీసుకెళ్లి ముందుగదిలో కుట్టుమిషను పక్కన వేశాను.

మాత్రలు తింటే కడుపులో తిప్పేది. అయినా ఒక్కటీ మానలేదు. మూడు నెలలకు లేదనే వచ్చింది. నేను నమ్మలేదు.

మాది నేతపని ఇల్లు. గంజి మీదున్న బట్టను మా అమ్మ ఎన్నడూ మెచ్చుకోలేదు. గంజి పలుచటి బట్టను దిట్టంగా చూపిస్తుంది. నీళ్లలో ముంచి తీస్తేగానీ అసలు గుణం బయటపడదు. నా ఒళ్లూ అంతే అనుకున్నాను. ఇన్ని మాత్రలు పట్టించిన ఒంట్లో రోగం ఎట్లా కనబడుతుంది? అవి అయిపోయినా బీపీది ఉంది, షుగరుది ఉంది, మోకాళ్లది ఉంది. ఆఖరు పరీక్షకు పది రోజుల ముందు అన్నీ ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరోజు ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగుతుంటే కళ్లు తిరిగాయి. మా ఆయన రెక్క పట్టుకున్నాడు.

"ఏమైందే? పొద్దుగాల గోలి ఏస్కున్నవా?"

"పది రోజులసంది ఏస్కుంటలేను."

"దిమాక్ ఉన్నదా నీకు?"

"గంజి తియ్యకుండ బట్ట చూస్తమా? రక్తం సుత అంతే."

ఆయనా మాలాగే నేతపని చేసే సాలెల బిడ్డే. "గది సుత నిజమే. జర ముందుగాల చెప్తే నా గ్యాస్ గోలి సుత బంద్ పెడ్తుంటి గద."

"తీసేది నా రక్తం, నీది కాదు."

లోపల కౌన్సెలర్ అమ్మాయి బీపీ చూసి గట్టిగా అరిచింది. "ఏంటమ్మా ఇది! మాత్రలు ఎవరు మానేయమన్నారు?"

గంజి సంగతి చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు.

"బీపీ, షుగర్, నొప్పుల మాత్రలు ఈ పరీక్షకు అడ్డు రావమ్మా. వైరస్ మీద ఒళ్లు చేసే పోరాటం రక్తంలో కనపడుతుంది. దాన్ని మీ మాత్రలు కప్పవు."

"మరి గా ఇరవై ఎనిమిది రోజులవి?"

"అవి మాత్రం ఆలస్యం చేయొచ్చు. వైరస్‌ను అణిచి ఉంచితే ఒళ్లు దాన్ని ఆలస్యంగా గుర్తుపడుతుంది. అందుకే అవి అయిపోయాక ఇన్నాళ్లు ఆగి మళ్లీ చూస్తున్నాం. మీ గంజి మేమే తీశామమ్మా."

"గీ ముక్క మొదలే చెప్తే ఏం పోయింది?"

"మీరు అడిగితే చెప్పేదాన్నిగా."

అదీ నిజమే. ఆరు నెలలు దొరికిన తెలుగు కాగితాలన్నీ చదివానే గానీ నోరు తెరిచి ఒక్కమాట అడగలేదు.

రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాం. వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో రాసివ్వమని కౌన్సెలర్‌ను అడిగాను. "హెచ్‌ఐవీ లేదు. ఇక పరీక్ష అక్కర్లేదు" అని కింద రాసింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. ఈసారి నమ్మాను. గుండె మీదినుంచి రోలు దించినట్టయింది.

బయటికి రాగానే మా ఆయన మెడికల్ షాపు నుంచి బీపీ గోలీలు, నీళ్ల సీసా తెచ్చాడు.

"ఇగనన్న నా చాప లోపలికి రానిస్తవా? మిషను పక్కన కాళ్లు ముడుసుకొని పండలేక సస్తున్న."

"ముందుగాల గోలి మింగనియ్యి" అన్నాను.