అందరూ బాపూజీలే

నా చిన్నప్పుడు మేముండే మాదాపూర్‌లో రోజూ బండలు పేల్చేవాళ్ళు. కంప్యూటర్ కంపెనీల కోసం పెద్ద పెద్ద భవనాలు లేస్తున్న కాలమది. ఎంత తుడిచినా ఇంట్లో దుమ్ము పోవడం లేదని అమ్మ విసుక్కునేది. ఆ ఏడు పంద్రాగస్టుకు పిల్లలచేత నాటకం వేయించాలని మా అపార్ట్‌మెంట్ పెద్దలు అనుకున్నారు. అనుకోవడం వరకే వాళ్ళ పని. వేయించే పని పక్కింటి అక్క నెత్తిన పడింది.

అక్కది అనంతపురం వైపు. కొత్తగా తెరిచిన భవనాల్లో ఒకదానిలో ఉద్యోగం. వారమంతా పనిచేసి, ఉన్న ఒక్క ఆదివారం కంటినిండా నిద్రపోదామనుకునే మనిషి. అయినా కాదనలేక మమ్మల్ని సెల్లార్‌లో కూర్చోబెట్టి, విదేశీ బట్టలు మంటల్లో వేసిన సంగతి, సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా అన్నీ ఓపిగ్గా చెప్పింది. చివరికి ఉప్పు సత్యాగ్రహమే వేద్దామంది. మేం సరిగ్గా విన్నది ఆ ఒక్క మాటే. మా కళ్ళన్నీ వాచ్‌మన్‌ను అడిగి తెచ్చిన చేతికర్ర మీదే. అది బాపూజీ కర్ర.

"కర్ర నాకే కావాలె. మా ఇంట్ల కండ్లద్దాలు సుత ఉన్నయ్," అన్నాడు పై అంతస్తు అబ్బాయి. "గట్లైతే నేను రానే రాను," అని ఇంకొకడు అలిగాడు. నాకూ కావాలన్నాను. ఆడపిల్లవు నువ్వేం బాపూజీవని అందరూ నవ్వితే ఏడుపు లంకించుకున్నాను. వెనక నడిచే జనం వేషానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. జనానికి మాటలుండవు, చప్పట్లూ రావు. ఆదివారాలన్నీ ఈ గోలతోనే గడిచిపోయాయి. పండుగ దగ్గరపడింది. ఇక నాటకం వద్దులే, పాటలు పెట్టుకుందామని పెద్దలు అననే అన్నారు.

చివరి ఆదివారం అక్క ఓపిక పూర్తిగా నశించింది. "ఏం పిల్లోల్లప్పా మీరు! సరే, అందరూ బాపూజీలే, కానీండి," అంది. సెల్లార్ మూలనున్న నీళ్ళ సంపు సముద్రమని చెప్పి, దాని పక్కన పళ్ళెంలో ఉప్పు పోసింది. తానే పోలీసునంటూ చీపురుకట్ట పట్టుకుని అడ్డంగా నిలబడింది. పై అంతస్తు అబ్బాయి కర్ర తీసుకుని దర్జాగా బయల్దేరాడు. అక్క వాడి భుజం పట్టుకుని తీసుకెళ్ళి మెట్ల కింద కూర్చోబెట్టింది. అది జైలట. తర్వాతి బాపూజీకీ అదే గతి. కర్ర నా చేతికొచ్చిన సంతోషం కూడా నాలుగడుగులు నిలవలేదు. కాసేపటికి అందరం మెట్ల కింద ఇరుక్కుని ఉన్నాం.

"ఉప్పు ఆడనే ఉంది. ఇంగ పోండి ఇండ్లకు," అంది అక్క.

నవ్వుతుందేమోనని చూశాం. నవ్వలేదు. అక్కడున్న స్కూటర్ మీద తల పట్టుకుని కూర్చుంది. తలెత్తి మా వైపు చూసింది. "నిజంగా ఆయన్ను గూడా పట్టకపొయ్యి జైల్లో ఏసినారు. అంతటితో ఉప్పు చేసేది నిల్చిపోయిందా? నిల్చిపోల్యా. ఎనకాల నడిచేటోళ్ళు ఇండ్లకు పోల్యా, అందుకు."

ఎవరు ముందు లేచారో గుర్తులేదు కానీ, అందరం ఒక్కసారిగా బయటికొచ్చి సంపు వైపు నడిచాం. అక్క ఒకరిని పట్టుకుంటే మిగతావాళ్ళు పక్కనుంచి జారిపోయారు. ఇంకొకరిని పట్టుకునేలోపు నా గుప్పిట్లో ఉప్పుంది. అప్పుడు నవ్వింది అక్క.

పెద్దల్ని ఒప్పించి పంద్రాగస్టు నాడు నాటకం వేశాం, కర్ర పై అంతస్తు అబ్బాయికే ఇచ్చాం. వాడు చూడ్డానికొచ్చిన జనాన్ని చూడగానే బిగుసుకుపోయాడు. ఎంత సైగ చేసినా కదల్లేదు. కాసేపు చూసి, వాడిని దాటుకుని మేమే నడిచాం. కొంతసేపటికి వాడూ వెనకాల వచ్చి కలిశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. అక్క మాత్రం ముందు వరుస కుర్చీలో గాఢంగా నిద్రపోతోంది.

ఇప్పుడు మా కాలనీ చెరువులోకి మురుగు వదలొద్దని అడగడానికి మీటింగులు పెడుతుంటారు. మైకు ఎవరు పట్టుకోవాలి, ఫోటోలో మధ్యన ఎవరు నిలబడాలి అన్నదానికే సాయంత్రం అయిపోతుంది. ఒళ్ళు మండుతుంది నాకు. "మున్సిపల్ ఆఫీసుకు నడిచి వెళ్ళేది ఏ రోజో అది చెప్పండి, వస్తాను," అని లేచి వచ్చేస్తాను. చెప్పిన రోజున వెళ్తాను, వెనక వరుసలో నిలబడతాను. అక్కడ నిలబడటం చిన్నతనమని ఆ ఆదివారం తర్వాత నాకెప్పుడూ అనిపించలేదు.