వదిన గది

ఆఫీసులో ఆవిడను అందరూ వదినా అనే పిలిచేవారు. ఆ పిలుపు మరిదితో వచ్చింది. చదువైపోయి గాలికి తిరుగుతున్న వాణ్ణి ఆవిడే వెంటపెట్టుకొచ్చి, పెద్దసారును కాళ్ళావేళ్ళా పడి బతిమాలి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. వాడు వదినా అంటే, వాణ్ణి చూసి అందరూ వదినా అన్నారు.

వాళ్ళు రాసేది ఆసుపత్రుల్లో రోగికి మందును చుక్కలుగా ఎక్కించే యంత్రం తాలూకు ప్రోగ్రాము. రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరు చాదస్తపు అత్తగారి లాంటిది. తప్పయితే పని ఆపేస్తుంది, అనుమానమైతే హెచ్చరిస్తుంది. ఈ అంకె ఈ గడిలో పట్టదేమో, చూసుకో అంటుంది. ఒక్క హెచ్చరిక మిగిలినా సరుకు గడప దాటకూడదని కంపెనీ నియమం. నియమం మంచిదే. మనుషులే, ఏం చెప్పమంటారు, హెచ్చరిక పోవాలంటే తప్పు దిద్దాలని కాకుండా, హెచ్చరించేదాని నోరు నొక్కాలని అర్థం చేసుకునే రకం.

నొక్కడం తేలికే. ఒక లైనులో ఇక్కణ్ణుంచి మాట్లాడకు అని, ఇంకో లైనులో ఇక మాట్లాడవచ్చు అని రాస్తే చాలు, ఆ రెంటి మధ్య ఏమున్నా కంపైలరు కిక్కురుమనదు. ఆవిడ ఆ పని ఒక్కసారే చేసింది. బయట కొన్న పాత కోడు ఒకటి ఊరికే గోల పెడుతుంటే, అన్ని విధాలా పరీక్షించి, ప్రమాదం లేదని తేల్చుకుని, ఎందుకు మూస్తున్నదో పైన కారణం కూడా రాసి మరీ మూసింది.

అంతే, సోమరులకు దారి దొరికింది. ఎవరికి హెచ్చరిక వచ్చినా, దిద్దే ఓపిక లేక, ఆ లైన్లు తెచ్చి ఆవిడ రెండు లైన్ల మధ్య పడేయడం మొదలుపెట్టారు. దానికి వదిన గది అని ముద్దుపేరు కూడా పెట్టారు. మొదట్లో ఆవిడ తిట్టింది. తర్వాత నోరు నొప్పి పుట్టి ఊరుకుంది. చివరికి మరిదీ వచ్చాడు.

"వదినా, నీ గదిలో నాలుగు లైన్లు పెట్టుకుంటా. వచ్చే వారం తీసేస్తా."

చుక్కకూ చుక్కకూ మధ్య యంత్రం ఎంతసేపు ఆగాలో లెక్కకట్టే లైన్లవి. ఒప్పుకోకూడదని ఆవిడకు తెలుసు. సొంత మరిది, మొహమాటం. సరే తీసెయ్యాలి మరి అంది. ఆ వచ్చే వారం ఎప్పటికీ రాలేదు. దానికి తోడు ఆవిడకు శుభ్రం పిచ్చి. ఫైలంతా వంకరటింకరగా ఉందని ఒకరోజు అన్ని లైన్లనూ వరసగా సర్దింది. ఏ లైనునైనా చివరగా ముట్టుకున్నవాళ్ళ పేరే దాని పక్కన పడుతుంది. అలా ఊళ్ళోవాళ్ళ చెత్తంతా ఆవిడ పేరు మీదికి వచ్చింది.

ఒక ఆసుపత్రిలో ఒకాయనకు మందు చాలా నెమ్మదిగా ఎక్కించాల్సి వచ్చింది. ఆగాల్సిన సమయం పెద్ద అంకె. చిన్న గడిలో పట్టక దాని తల తెగిపోయి, చిన్న అంకె మిగిలింది. చుక్కలు ధార కట్టాయి. మనిషి పోయాడు.

విచారణ గదిలో తెర మీద ప్రతి లైను పక్కనా ఆవిడ పేరే. ఆవిడ మరిది వైపు చూసింది. వాడే చెబుతాడని, చెప్పాలని, ఆ క్షణంలో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంది. వాడు చెప్పాడు.

"ఆ ఫైలు వదినదేనండి. అందులో ఏముందో ఆవిడకే తెలియాలి."

ఇంకో మెట్టు వెనక్కి, నేను సర్దకముందుకు వెళ్ళి చూడండి, అసలు రాసినవాళ్ళు దొరుకుతారు అని ఆవిడ అంది. ఎవరు రాస్తేనేం, నోరు మూయించింది మీరే కదమ్మా అన్నాడు పెద్దసారు. దొరికిన మనిషి ఉండగా ఇంకా తవ్వే ఓపిక ఎవరికుంటుంది? ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి భర్తకు జరిగిందంతా చెబితే, నీ తప్పు వాడి మీదికి నెట్టకు అన్నాడు. పైగా, పొరపాట్లు అందరూ చేస్తారులే అని పెద్ద మనసుతో క్షమించాడు కూడా. ఉద్యోగం పోయినందుకన్నా ఆ క్షమకే ఆవిడ ఎక్కువ ఏడ్చింది.

కంపెనీ భయపడి ఆ రెండు లైన్లూ తీయించింది. ఆవిడ కుర్చీ మరిదికి ఇచ్చారు. ఒక సాయంత్రం ఆవిడా భర్తా అన్నం తింటుంటే వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికే వచ్చాడు. ఇన్నేళ్ళూ మింగినదంతా కంపైలరు ఒక్కసారిగా కక్కుతోందట. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి వదినా అని అడిగాడు, సిగ్గయినా లేకుండా.

ఆవిడ తెర వైపు చూసింది. అన్నిటికన్నా పైన ఉన్నది, ఆగే సమయం లెక్కకట్టే ఆ లైనే.

"మొదటిది పైకి చదువు. చదివి, ఆ లైను ఎవరు రాశారో మీ అన్నయ్యకు చెప్పు."

మరిది తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. భర్త తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని ఆవిడకూ తెలిసింది.

"అన్నం దగ్గర ఇదంతా ఎందుకురా, మూసెయ్" అన్నాడు భర్త.

మరిది మూసేశాడు. ఆవిడ సగం తిన్న కంచం తీసుకుని లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.